గోదావరి తీరాన ఇక్బాల్‌ను చదువుకోవడం ఎలా?

ఉర్దూ, పారశీక కవి మహమ్మద్ ఇక్బాల్ (1877–1938) కవిత్వానికి ప్రేమ, బుద్ధి, స్వత్వం మూడూ ప్రాణం. మూడోదానిని, అంటే ‘నేను’ అన్న ఉనికిని, ఆయన ఖుదీ అన్నాడు. ఆయనను చదవబోయే కోనసీమ పాఠకులు ముందుగా ఒక అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి కడలిలో కలవడం చూస్తూ పెరిగిన మనకు, నదులు నామరూపాలు విడిచి సముద్రంలో లీనమైనట్టే జ్ఞాని పరమపురుషుని చేరుతాడన్న ముండకోపనిషత్తు మాట ఇట్టే మనసుకెక్కుతుంది. సూఫీ కవులలోనూ ఎందరో బిందువు సింధువులో కరగడాన్నే గానం చేశారు. ఇక్బాల్ అలా అనడు. 1915లో వెలువడిన పారశీక కావ్యం ‘అస్రారె ఖుదీ’లో, ఖుదీ పాఠం నేర్చిన నీటిబొట్టు ముత్యమవుతుందంటాడు. ముత్యం సముద్రంలోనే ఉంటుంది, కాని అందులో కరిగిపోదు.

అయితే చదువు ఆ కావ్యంతో మొదలుపెట్టవద్దు. 1924 నాటి ఉర్దూ సంపుటి ‘బాంగె దరా’లో ‘అక్ల్ ఒ దిల్’ అనే చిన్న కవిత ఉంది. ముందు దానిని ఉర్దూ వచ్చినవారి చేత పైకి చదివించుకొని, తెలుగు లిపిలో రాసుకొని, ఆ తరువాతే అర్థం అడగండి. దారి తప్పినవారికి దిక్కు చూపేది నేనేనని బుద్ధి చెప్పుకుంటే, హృదయం అదంతా నిజమేనని ఒప్పుకొని, జీవన రహస్యం నీకు అర్థమవుతుంది, నాకు కళ్లకు కనబడుతుంది అని బదులిస్తుంది.

తరువాత అదే సంపుటిలోని ఒక గజల్ ద్విపదకు రండి. నమ్రూద్ రాజు ఇబ్రాహీం ప్రవక్తను మంటల్లో వేయించిన కథ ముందే తెలుసుకుంటేనే అది అందుతుంది. ప్రేమ ఆ మంటలోకి జంకు లేకుండా దూకేసింది, బుద్ధి ఇంకా మేడ అంచున నిలబడి వేడుక చూస్తూనే ఉంది అంటాడు. దీనిని బుద్ధికి తిరస్కారంగా చదివేవారు చాలామంది. నాకు అది సరిగా తోచదు. హృదయానికి బుద్ధి కావలి ఉండటం మంచిదే గాని అప్పుడప్పుడు హృదయాన్ని ఒంటరిగానూ వదలమని ఆయనే మరోచోట అన్నాడు. 1935 నాటి ‘బాలె జిబ్రీల్’లో బుద్ధి దారిదీపమే గాని గమ్యం కాదన్నాడు. ఈ మూడింటినీ ఒకే పుటలో రాసుకొని చదవండి.

విధిరాతకు ముందే దేవుడే నీ ఇష్టమేమిటని అడిగేంతగా ఖుదీని పెంచుకోమన్న ప్రసిద్ధ ద్విపదను చివరకు ఉంచండి. ‘అస్రారె ఖుదీ’ చెప్పిన మూడు మెట్లు, అంటే విధేయత, ఆత్మనిగ్రహం, భూమిపై దైవ ప్రాతినిధ్యం, తెలియకుండా దానిని ఉటంకిస్తే అది ఉత్త ఆత్మవిశ్వాసపు నినాదంగా మిగులుతుంది. వచనంలో ఈ ఆలోచన కావాలంటే 1929 జనవరిలో ఆయన మద్రాసులో చేసిన ప్రసంగాలు చదవండి. అప్పటికి మన గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.