మలిదశ బైజాంటియంలోని ఒక చిన్న యువరాజు చరిత్రను ప్రసంగంగా తయారుచేయడం

నెల్లూరులోనో కందుకూరులోనో గ్రంథాలయ సభకు ప్రసంగం సిద్ధం చేసేవారు చక్రవర్తులను వదలి, బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి మాన్యుయెల్ II కుమారుడైన ఆండ్రోనికస్ పాలియోలోగస్‌ను ఎంచుకోవడం మేలు. 1400 ప్రాంతంలో పుట్టి, 1408లో సుమారు ఎనిమిదేళ్ల ప్రాయంలోనే గ్రీకు నగరం థెస్సలొనీకీకి పాలకుడైన ఇతని బాల్యాన్ని రెండు వాక్యాలలో ముగించండి.

ముందుగా తేదీలను సరిచూసుకోవాలి. మన జిల్లా శాసనాలలోని శకవర్షానికి 78 కలిపి క్రీస్తుశకాన్ని రాబట్టినట్లే, ప్రపంచ సృష్టి నుంచి లెక్కించే బైజాంటైన్ సంవత్సరంలో నుంచి 5508 తీసివేయాలి. అయితే వారి సంవత్సరాది సెప్టెంబరు 1 కనుక, సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు 5509 తీసివేయాలి. ఆ లెక్కన 6932 సెప్టెంబరు అంటే 1423 సెప్టెంబరు.

ప్రసంగంలో ఎక్కువ సమయం ఆ నెలకే ఇవ్వండి. 1422లో మొదలైన ఒట్టోమన్ తురుష్కుల ముట్టడితో నగరం ఆకలికి అలమటిస్తుండగా, వ్యాధిగ్రస్తుడైన ఆండ్రోనికస్ దానిని వెనిస్‌కు అప్పగించాడు. యాభై వేల డ్యూకట్లకు (వెనిస్ బంగారు నాణేలకు) అమ్ముకున్నాడన్న కథ పదహారో శతాబ్దపు కల్పిత గ్రంథం ద్వారా వ్యాపించింది. ప్రజల ఆచారాలను, చర్చి హక్కులను కాపాడాలన్న షరతులతోనే అప్పగింత జరిగింది కాబట్టి, ఆ కథను పుక్కిటి పురాణంగానే ప్రస్తావించండి. వినడానికి రుచిగా ఉంటుందని దానిని నిజంగా చెప్పేవారే ఎక్కువ.

తరువాత సన్యసించి 1429లో మరణించాడని, మరుసటి ఏడాది మార్చిలో ఒట్టోమన్ సుల్తాన్ మురాద్ II నగరాన్ని జయించాడని చెప్పి, శ్రోతల ప్రశ్నలకు వ్యవధి ఇవ్వండి.