సోర్‌డో బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి

గట్టి పెచ్చుండే సోర్‌డో (సహజంగా పులిసిన పిండితో చేసేది) లాంటి బ్రెడ్ చెన్నై నుంచి తెప్పించుకున్నా, ఇంట్లో చేసుకున్నా, దయచేసి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బూజు ఆలస్యంగా పడుతుంది, నిజమే. కానీ ఆ చల్లదనంలో పిండిపదార్థం బయటకంటే త్వరగా బిగుసుకుని, బ్రెడ్ చెక్కలా తయారవుతుంది.

మొదటి రోజు, కోసిన వైపు బోర్లించి, పైన నూలు గుడ్డ కప్పితే చాలు. మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు సముద్రపు గాలి తేమకు, అందులోనూ అక్టోబరు, నవంబరు వానల్లో, రెండో రోజు నుంచే బూజు భయం. అందుకే మిగిలింది ముక్కలు కోసి, గాలి చొరబడని కవర్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి.

బిగుసుకున్న బ్రెడ్ మళ్లీ మెత్తబడాలంటే లోపల దాదాపు 60 డిగ్రీలు దాటి వేడెక్కాలి. పెద్ద ముక్కైతే తడి చేత్తో పెచ్చంతా తుడిచి, 180 డిగ్రీల ఓవెన్‌లో 8-10 నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేదా? మందపాటి పెనం, సన్న మంట, అంచున నాలుగు చుక్కల నీళ్లు, పైన మూత. చివర్లో మూత తీసి ఒక్క నిమిషం ఉంచితే పెచ్చు కరకరలాడుతుంది. వేడి మీదే తినేయాలి, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. బూజు మచ్చ కనిపిస్తే మాత్రం అంతవరకే కోసేసి తినొద్దు, మొత్తం పడేయండి.