వెనిగర్ వైద్యం తేడా చేస్తే: సమస్య, కారణం, పరిష్కారం

ముందు సీసా మీద శాతం చూడండి. వంటకు వాడే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 4 నుంచి 8 శాతం ఉంటుంది. శుభ్రం చేసుకోవడానికి అమ్మే రకాల్లో అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. వాటిని తాగొద్దు, ఒంటికి రాయొద్దు. ఆపిల్ నుంచి వచ్చినా ఇంకో పండు నుంచి వచ్చినా ఆమ్లం ఆమ్లమే. కింది ఇబ్బందుల్లో చాలావరకు ఆ సంగతి మర్చిపోవడం వల్ల వచ్చేవే.

తాగడం మొదలుపెట్టాక పళ్లు జివ్వుమంటున్నాయి

కారణం: పీహెచ్ అంటే ఆమ్లత కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరుగుతుంది. వెనిగర్ పీహెచ్ సుమారు 2.5 నుంచి 3. పీహెచ్ 5.5 దగ్గరికి పడిపోతేనే పంటి పైపొర ఎనామెల్ కరగడం మొదలవుతుంది. కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగితే పళ్లు ఆమ్లంలో నానే సమయం ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు. అందుకే జివ్వుమనడం తగ్గేదాకా పూర్తిగా ఆపేయండి. తర్వాత కూడా తాగాలనుకుంటే పెద్ద గ్లాసు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ మించకుండా కలిపి, భోజనంతో పాటు, స్ట్రాతో తాగండి. అవ్వగానే మామూలు నీళ్లతో పుక్కిలించండి. బ్రష్ మాత్రం కనీసం అరగంట దాకా ముట్టుకోవద్దు. మెత్తబడిన ఎనామెల్‌ను అది గీకేస్తుంది.

గొంతులో, ఛాతీలో మంట

పలుచన చేయకుండా తాగడమే ఎక్కువసార్లు కారణం. ఎసిడిటీకి వెనిగర్ మందని చాలామంది చెబుతారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. మంట పెరిగితే మానేయండి. మింగడం కష్టమైతే ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోండి.

షుగర్ మందులు వాడుతున్నారు, ఒళ్లు వణికి చెమట పడుతోంది

వెనిగర్ భోజనం తర్వాత పెరిగే షుగర్‌ను కొద్దిగా తగ్గించగలదు, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గించవచ్చు. ఇన్సులిన్‌తో కలిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. వెంటనే పంచదార నీళ్లో పండ్ల రసమో తాగి, పావుగంటకు షుగర్ చూసుకోండి. మందు మోతాదు మీరే మార్చుకోవద్దు, డాక్టర్‌తో మాట్లాడండి.

రాసిన చోట ఎర్రబడి బొబ్బలొచ్చాయి

కారణం: పులిపిరి మీదో పుట్టుమచ్చ మీదో వెనిగర్‌లో తడిపిన దూది పెట్టి, కట్టు కట్టి, రాత్రంతా వదిలేయడం. కట్టు కింద ఆమ్లం ఆరదు, కదలదు. చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. పిల్లల చర్మం పలుచన, ఇంకా త్వరగా కాలుతుంది.

పరిష్కారం: కట్టు తీసేసి 20 నిమిషాల పాటు ధారగా పడే చల్లటి నీళ్ల కింద ఉంచండి. ఆమ్లానికి విరుగుడని వంటసోడా రుద్దొద్దు, నీళ్లే చాలు. బొబ్బలు చిదమొద్దు. పులిపిర్లకు సాలిసిలిక్ ఆమ్లం మందు దొరుకుతుంది, దాన్ని వాడండి. పుట్టుమచ్చ సంగతి వేరు. దాన్ని ఇంట్లో కాల్చడం నిజంగా ప్రమాదం. అది క్యాన్సర్ అయితే పైన మాయమై లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆకారమో రంగో మారుతున్న మచ్చను చర్మ వైద్యులే చూడాలి.

చెవిలో వేశాక భరించలేని నొప్పి

ఇక్కడ వెనిగర్‌కు మంచి పేరే ఉంది. బయటి చెవి ఇన్ఫెక్షన్‌కు డాక్టర్లు రాసే చుక్కల మందుల్లో 2 శాతం ఎసిటిక్ ఆమ్లం ఒకటి. ఆమ్లం ఉన్న చోట సూడోమోనాస్ అనే బాక్టీరియా బతకలేదు. కానీ కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆ ద్రవం నేరుగా లోపలి భాగాలకు చేరుతుంది. చెవి కారుతున్నా, గతంలో చెవి ఆపరేషన్ అయినా ఇంట్లో ఏదీ వేయొద్దు. నొప్పి వస్తే ఆపి, చెవి పరీక్ష చేయించుకోండి.

పాదాల వాసనకు నానబెడితే మంట

పగుళ్లున్నాయన్నమాట. అవి మానేదాకా ఆగండి. తర్వాత ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి పావుగంట ఉంచితే చాలు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు అసలు చేయొద్దు, మంట పుట్టినా తెలియదు.

శుభ్రం చేస్తుండగా దగ్గు, కళ్ల మంట

వెనిగర్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తుడవడం పూర్తి చేయాలని ఆగొద్దు. వెంటనే బయటి గాలిలోకి వెళ్లండి, ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి వెళ్లండి.