మైనరు వాటా ఉన్న ఆస్తి: ఒప్పందం ఎక్కడ చెల్లదు, ఎలా సరిచేసుకోవాలి

ఇల్లు, పొలం కొనేవాళ్ల దస్తావేజులు పరిశీలించడం నా పని. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) తీయడం, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) అడగడం మీకు తెలుసనే రాస్తున్నాను. ఇవన్నీ చేసినవాళ్లు కూడా సంతకం పెట్టేవాళ్ల పుట్టినతేదీ మాత్రం అడగరు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వదిలేస్తారు. అడ్వాన్సు ఇవ్వకముందే ఒక్కొక్కరి పదో తరగతి మెమో గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ తెప్పించి చూడండి.

సమస్య: అప్పు తీసుకున్నవాడు "నోటు రాసిన రోజుకి నాకు 18 నిండలేదు" అంటున్నాడు

కారణం: అది నిజమైతే ఆ ప్రోనోటు (అప్పు తీరుస్తానని రాసిచ్చిన పత్రం) అతని మీద మొదటినుంచీ చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. కలకత్తాలో ఒక మైనరు తన ఆస్తి తనఖా పెట్టి అప్పు చేసిన మోహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంనాటి చివరి అప్పీలు కోర్టు) ఈ సంగతి తేల్చేసింది. వయసు గురించి అబద్ధం చెప్పాడని మీరు రుజువు చేసినా నోటు నిలబడదు.

పరిష్కారం: మేజరయ్యాక పాత నోటు వెనక సంతకం చేయించుకుంటే చాలనుకుంటారు. చాలదు. అసలే లేని ఒప్పందాన్ని తర్వాత ఆమోదించడం కుదరదు. ఆ పాత బాకీనే చూపించి కొత్త నోటు రాయించుకున్నా అంతే. నోటు మీద మేజరు కూడా కలిసి సంతకం పెట్టి ఉంటే అతని మీద దావా వేయండి. తిండి, చదువు, వైద్యం లాంటి అవసరాలకు ఇచ్చిన డబ్బయితే 68వ సెక్షన్ కింద మైనరు ఆస్తిలోంచి రాబట్టుకోవచ్చు. మైనరుకు ఆస్తి లేకపోతే ఆ దారీ లేదు.

సమస్య: ఎప్పుడో కొన్న ఇంట్లో, అమ్మినవాళ్ల కొడుకు ఇప్పుడొచ్చి వాటా అడుగుతున్నాడు

అన్నీ సరిచూసుకున్నామనుకున్నవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. దస్తావేజులో మైనరు పేరు ఉంటుంది, పక్కన "గార్డియన్ తల్లి" అని ఉంటుంది, తల్లి సంతకమూ ఉంటుంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరయింది. ఇంక లోటేముందనిపిస్తుంది.

లోటు కోర్టు అనుమతి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) 8వ సెక్షన్ ప్రకారం సొంత తల్లయినా తండ్రయినా ముందుగా కోర్టు అనుమతి తీసుకోకుండా మైనరు స్థిరాస్తిని అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, దానమివ్వకూడదు, అయిదేళ్లు దాటి లీజుకీ ఇవ్వకూడదు. అలా అమ్మితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు పిల్లవాడికి ఉంటుంది. దస్తావేజులో "పిల్లల చదువు నిమిత్తం, కుటుంబ అవసరాల నిమిత్తం" అని రాయించినంత మాత్రాన అనుమతి లేని లోటు తీరదు. ఏదైనా తేడా వస్తే నష్టం భరిస్తామని అమ్మేవాళ్లు రాసిచ్చిన హామీ వాళ్లనే కట్టేస్తుంది, పిల్లవాణ్ని కాదు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన హక్కు ఖాయమైపోదు.

"ఇది పిత్రార్జితం, కోర్టు అక్కర్లేదు" అనేది అమ్మేవాళ్ల నోట తరచూ వినే మాట. పంచుకోని ఉమ్మడి కుటుంబ ఆస్తిని కర్త (కుటుంబ పెద్ద) కుటుంబ అవసరానికి అమ్మితే 8వ సెక్షన్ అడ్డురాదన్నది నిజమే. కానీ తండ్రి జీతం డబ్బుతో కొని, వీలునామా రాయకుండా పోయిన ఇల్లు అలాంటిది కాదు. భార్య, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి ఉంటే నలుగురికీ సమానవాటాలు. పిల్లలిద్దరూ మైనర్లయితే సగం ఇల్లు వాళ్ల సొంతం. (నాయనమ్మ సంతకం మరిచిపోయిన దస్తావేజులు కూడా తక్కువేం కాదు.) ఈ వారసత్వం ఈసీలో కనపడదు. ఎవరైనా చనిపోవడం రిజిస్టరయ్యే లావాదేవీ కాదు గనక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగాల్సిందే.

మీకు అమ్మినవాడు మేజరే కావచ్చు. అతను ఎవరి దగ్గర కొన్నాడో ఆ లింకు డాక్యుమెంటు తీసి, అందులో "మైనరు" అన్న మాట ఉందేమో, పక్కన వయసెంత వేశారో చూడండి.

పరిష్కారం, ఇంకా కొనకపోతే: ఆస్తి ఉన్నచోటి జిల్లా కోర్టులో గానీ, హైదరాబాదు లాంటిచోట సిటీ సివిల్ కోర్టులో గానీ తల్లిచేత పిటిషన్ వేయించండి. అవసరముందనో, పిల్లవాడికి స్పష్టంగా మేలనో కోర్టు నమ్మితేనే అనుమతిస్తుంది. మైనరు వాటా డబ్బును బ్యాంకులో డిపాజిట్ చేయించమని అడగడం మామూలే. నెలలు పట్టినా ఆగండి. ఆర్డరు కాపీ చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్. ముందు కొని తర్వాత అనుమతి తెచ్చుకునే వీల్లేదు.

ఇప్పటికే కొనేసి ఉంటే: పిల్లవాడికి 18 నిండాక 3 ఏళ్లలో దావా వేయాలని 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 60 చెబుతోంది. అంటే 21 దాకా మీకు భయమే. అతను దావా వేయకుండానే, ఆ ఆస్తిని మరొకరికి అమ్మడం లాంటి స్పష్టమైన చర్యతో కూడా పాత అమ్మకాన్ని కాదనవచ్చని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 18 నిండగానే అతన్ని కలిసి, వాటాకు న్యాయంగా ఏమైనా బాకీ ఉంటే ముట్టజెప్పి, రాటిఫికేషన్ దస్తావేజు (పాత అమ్మకాన్ని ఆమోదిస్తూ రాసేది) రిజిస్టరు చేయించుకోండి. ఇది పైన చెప్పిన ప్రోనోటులాంటిది కాదు, రద్దు చేసేదాకా బతికుండే అమ్మకం. అందుకే ఇక్కడ ఆమోదం పనిచేస్తుంది.

ఒక్క హెచ్చరిక. గార్డియన్‌గా సంతకం పెట్టింది బాబాయో, మేనమామో, తాతో అయి, కోర్టు వాళ్లను నియమించకపోతే ఆ 1956 గార్డియన్‌షిప్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం వాళ్లకు అమ్మే అధికారమే లేదు. అప్పుడు మూడేళ్ల లెక్కను నమ్ముకోవద్దు. ముస్లిం కుటుంబాల్లో తల్లి కూడా ఆస్తికి సహజ గార్డియన్ కాదు. అక్కడ ఆమె సంతకం ఒక్కటే చూసి డబ్బివ్వకండి.

మిగతావి

బెదిరించో మోసగించో రాయించుకున్నారంటే, నష్టపోయినవాడు రద్దు కోరవచ్చు. రుజువు భారం అతనిదే. మతిస్థిమితం లేదన్న వాదనకు ఆనాటి వైద్య రికార్డులు కావాలి. పందెం డబ్బు కోసం రాసిన నోటు కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద చెల్లదు, దానికోసం కోర్టు చుట్టూ తిరగొద్దు. ఇక మైనరు పేరిట మీరు పూర్తి సొమ్ము చెల్లించి కొన్న స్థలం గురించి బెంగ అక్కర్లేదు, అది చెల్లుతుంది. పిల్లవాడు ఇంకా మైనరుగా ఉండగా తిరిగి అమ్మాలనుకుంటే మాత్రం మీకూ అదే కోర్టు అనుమతి కావాలి.