ఆఫీస్ ఫోన్ సిస్టమ్ మనమే సెట్ చేసుకుందాం – 4వ భాగం: స్పీడ్ డయల్ జాబితాలు

పోయిన భాగంలో ఏ ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి ఫోన్) నుంచి బయటికి కాల్స్ వెళ్లాలో, ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి వెళ్లకూడదో రాసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ దాంతోనే పని.

స్పీడ్ డయల్ అంటే పూర్తి నంబర్ బదులు 05 లాంటి చిన్న కోడ్ నొక్కి కాల్ చేయడం. ఈ జాబితాలు మామూలుగా మూడు రకాలు. పర్సనల్ జాబితాను ఎవరి ఫోన్‌లో వాళ్లే నింపుకుంటారు, దాని జోలికి మనం వెళ్లం. గ్రూప్ జాబితా ఒక విభాగానికి, సిస్టమ్ జాబితా ఆఫీసు మొత్తానికి. అవాయా కమ్యూనికేషన్ మేనేజర్ అనే ఆఫీస్ ఫోన్ సిస్టమ్‌లో అయితే ఒక్కో ఫోన్‌కి గరిష్ఠంగా 3 జాబితాలు తగిలించవచ్చు. మీ సిస్టమ్ వేరేదైతే మెనూల పేర్లు, కోడ్‌లు మారతాయి, లెక్క మాత్రం దాదాపు ఇదే.

ఇప్పుడు నంబర్ ఎక్కించడం. బయటి లైన్ కోసం మీరు ముందు 9 నొక్కుతుంటే చాలా సిస్టమ్స్‌లో జాబితాలోనూ ఆ 9 ఉండాలి, లేకపోతే సిస్టమ్ దాన్ని లోపలి నంబర్ అనుకుని ఎక్కడికో పంపిస్తుంది. పాత అనలాగ్ లైన్లున్న చోట ఇంకో చిక్కుంది: 9 తర్వాత డయల్ టోన్ రావడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆలోపే సిస్టమ్ గబగబా అంకెలన్నీ పంపేస్తే మొదటి ఒకటి రెండు గాల్లో కలిసిపోతాయి. ఒకసారి సరిగ్గా కలిసి, ఇంకోసారి రాంగ్ నంబర్ పోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. 9 తర్వాత ఒక పాజ్ పెట్టండి, సరిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘ప్రివిలేజ్డ్’ అనే సెట్టింగ్ దగ్గర. దీన్ని ఆన్ చేస్తే, బయటి కాల్స్ ఆపేసిన ఫోన్ నుంచి కూడా ఆ జాబితాలోని నంబర్లకు కాల్ వెళ్తుంది. గేటు దగ్గరి ఫోన్ నుంచి ఎలక్ట్రీషియన్‌కి, మేనేజర్ మొబైల్‌కి మాత్రమే కాల్ వెళ్లాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ కొన్ని సిస్టమ్స్‌లో ఉత్త ఏరియా కోడ్ ఒక్కటే ఎక్కించి వదిలేస్తే, మిగతా అంకెలు ఎవరికి వాళ్లు నొక్కుకుని ఎక్కడికైనా మాట్లాడుకోవచ్చు. మనం వేసిన తాళానికి మనమే దొంగతాళం చెవి చేసిచ్చినట్టు. అందుకని ప్రివిలేజ్డ్ జాబితాలో ఎప్పుడూ పూర్తి నంబర్లే ఉండాలి.

వరుస గురించి కూడా ఒక మాట. 05లో ఉన్న సప్లయర్‌తో లావాదేవీలు ఆగిపోతే వెంటనే అక్కడ కొత్త నంబర్ పెట్టకండి, కొన్నాళ్లు ఖాళీగా వదిలేయండి. జనం పేర్లు చూడరు, అలవాటుకొద్దీ 05 నొక్కేస్తారు. జాబితాను అక్షరక్రమంలో సర్దాలన్న సరదా కూడా వద్దు, మర్నాడు అందరూ మీ సీటు దగ్గరే ఉంటారు.

వచ్చే భాగంలోపు ఓ పది నంబర్లతో గ్రూప్ జాబితా చేసి, ప్రతి నంబరూ డయల్ చేసి చూడండి. మీ ఫోన్ నుంచి కాదు, దానికి అన్ని అనుమతులూ ఉంటాయి కాబట్టి తప్పులు బయటపడవు. బయటి కాల్స్ ఆపేసిన ఎక్స్‌టెన్షన్ నుంచి చేయండి. తర్వాతి భాగం హంట్ గ్రూపుల మీద, అంటే ఒకే నంబర్‌కి వచ్చే కాల్స్‌ని ఖాళీగా ఉన్న ఫోన్‌కి పంపే ఏర్పాటు.