పెళ్లి వీడియోల ఎడిటింగ్ సిస్టమ్‌కి ర్యామ్ పెంచాలా, ప్రాసెసర్ మార్చాలా?

ముహూర్తాలు మొదలయ్యాయంటే భీమవరం, పాలకొల్లు, అమలాపురం స్టూడియోల్లో పెళ్లికి రెండు మూడు కెమెరాల 4కె ఫుటేజీ వచ్చి పడుతుంది. టైమ్‌లైన్ స్ట్రక్ అవగానే చాలామంది ర్యామ్ కొనేస్తారు. ముందు పది నిమిషాలు పరీక్ష చేయండి.

మీ దగ్గరున్న బరువైన ప్రాజెక్టు తెరిచి, పక్కన టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ పెట్టుకుని, తలంబ్రాల సీను మల్టీకామ్‌లో (అన్ని కెమెరాల ఫుటేజీ ఒకేసారి నడిచే పద్ధతి) ప్లే చేయండి. మెమరీ 90 శాతం దాటి, డిస్కు కూడా ఆగకుండా పనిచేస్తుంటే ర్యామ్ చాలట్లేదు. మెమరీ సగమే నిండి, సీపీయూ 100 దగ్గర కూర్చుంటే ఎంత ర్యామ్ వేసినా ఆ ఆగడం తగ్గదు.

1080 పనికి 16 జీబీ చాలు. 4కె మల్టీకామ్‌కి 32 పెట్టండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (గ్రాఫిక్స్, ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్) కూడా తెరిచి ఉంచేవాళ్లకి 64. ఒకే 32 స్టిక్ కంటే 16 జీబీవి జత కొనడం మేలు, ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే రెండు దారులూ (ఛానళ్లు) పనిచేస్తాయి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువ వాటికి ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టాలి. ర్యామ్‌లో పాత రకం డీడీఆర్4, కొత్త రకం డీడీఆర్5 స్టిక్కుల గాట్లు వేరు, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. ఇంటెల్ 12, 13, 14 తరాలకి రెండు రకాల బోర్డులూ ఉన్నాయి కాబట్టి బోర్డు మీద అచ్చేసిన మోడల్ నంబరు చూసే కొనండి. బిగించాక బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగు, ఆన్ చేయాలి. మర్చిపోతే 3200 వేగం స్టిక్ 2133 లోనో 2666 లోనో నడుస్తుంది.

ప్రాసెసర్ దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. కోర్లు లెక్కపెట్టి కొంటారు, కానీ ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో తీసే హెచ్265 10 బిట్ 4:2:2 ఫుటేజీకి (బాగా కుదించినా రంగుల వివరం ఎక్కువుండే రకం) కావాల్సింది హార్డ్‌వేర్ డీకోడింగ్, అంటే ఆ వీడియోని విప్పడానికి చిప్‌లోనే ఉండే ప్రత్యేక భాగం. ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో అది ఉంది. ఎన్‌విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. తక్కువకి వస్తోందని ఇంటెల్ ఐ5 12400ఎఫ్ తీసుకోకండి, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. ఈ పనికి మామూలు 12400 కోసం కాస్త ఎక్కువ పెట్టడం న్యాయం. డబ్బు సర్దుబాటు కాకపోతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకలు ఫైళ్లు) చేసుకోండి, పైసా ఖర్చు లేదు.

పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్ పెట్టేటట్టయితే, పాతది తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి. ఏఎం4 సాకెట్‌లో కూర్చునే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ అయితే సిస్టమ్ కాసేపు నడిపి, ఆపి, పవర్ తీగ తీసేసి, వేడి మీదున్నప్పుడే కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి లేపండి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే కూలర్ కింద గట్టిపడిన థర్మల్ పేస్టు ప్రాసెసర్‌ని సాకెట్‌లోంచి ఊడబెరుకుతుంది, పిన్నులు వంగుతాయి. పాత పేస్టు తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు వేస్తే చాలు.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ర్యామ్ బంగారు రంగు కాళ్లు మసకబారతాయి. కొత్త స్టిక్ వేశాక తెర రాకపోతే కంగారుపడకుండా కరెంటు తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కండి. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లతెరే ఉండొచ్చు, మధ్యలో ఆపకండి. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు.

చివరిగా ర్యామ్‌లో లోపాలు పట్టే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ రాత్రంతా నడపండి. ఎర్రర్లు వస్తే ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడపండి. అప్పుడూ వస్తే స్టిక్కులు ఒక్కోటీ విడిగా పరీక్షించి, తప్పు చూపినదాన్ని వారంటీలో మార్పించుకున్నాకే పెళ్లి ఫుటేజీ ఎక్కించండి.