ల్యాప్‌టాప్ చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపడం ఎలా?

కొని రెండేళ్లు తిరక్కుండానే ల్యాప్‌టాప్ గంటసేపు కూడా నిలవడం లేదని వాపోయేవాళ్లను నేను అడిగేది ఒకటే. రోజంతా ప్లగ్‌లోనే ఉంటుందా? ఉంటుంది. ఎంత శాతం దగ్గర? నూరు. ఇక అడగడానికేమీ మిగలదు. ప్లగ్‌లో ఉంచితే వచ్చే నష్టం తక్కువే. నిండా నూరు శాతంతో, పైగా వేడిగా, నెలల తరబడి ఉండటమే బ్యాటరీని తినేస్తుంది. ఈ తేడా తెలియక కొందరు గంటకోసారి ప్లగ్ పీకుతూ పెడుతూ ఉంటారు. ఆ తిప్పలు అక్కర్లేదు. ఒక్కసారి కూర్చుని హద్దు పెట్టేస్తే చాలు.

కావలసినవి: ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జర్, అడ్మిన్ పాస్‌వర్డ్, అరగంట తీరిక. వేరే టైప్-సి చార్జర్ వాడేటట్టయితే అసలు చార్జర్ మీద రాసి ఉన్న వాట్లకు తగ్గనిది చూసుకోండి. ఎక్కువ వాట్లదైనా ఫర్వాలేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. 65 వాట్లు అడిగే యంత్రానికి ఫోన్ చార్జర్ తగిలించి, చార్జ్ ఎక్కడం లేదని మాత్రం అనకండి.

1. ముందు బ్యాటరీ పరిస్థితి చూడండి

విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరవండి. ఇంగ్లిష్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ కొట్టి, వెంటనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి రాసి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఎక్కడ దాచిందో అదే చెబుతుంది. ఆ ఫైలును బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 50,000, రెండోది 41,000 అనుకోండి, మీ బ్యాటరీలో మిగిలిన సత్తా 82 శాతం. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలోనే హెల్త్ కనిపిస్తుంది. ఈ అంకెను ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

సైకిల్ కౌంట్ (బ్యాటరీ మొత్తం ఎన్నిసార్లు వాడకమైందన్న లెక్క) చూసి గాభరా పడొద్దు. ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ అయిపోదు. ఈరోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. ఇప్పటి మ్యాక్‌బుక్‌ల బ్యాటరీలకు ఆపిల్ చెప్పే లెక్క 1000 సైకిళ్లు.

2. పవర్ సెట్టింగులు

ఇది రెండు నిమిషాల పని. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ. పవర్ మోడ్‌ను బ్యాలెన్స్‌డ్‌లో పెట్టండి, అక్కడే ఉంచండి. బెస్ట్ పెర్ఫార్మెన్స్ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు, ఆటలాడేవాళ్లకు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవడానికి అది పెట్టుకుంటే ఫ్యాన్ చప్పుడు తప్ప ఒరిగేదేమీ లేదు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు స్క్రీన్ మూడు నిమిషాల్లో ఆరిపోవాలి, బ్రైట్‌నెస్ సగానికి మించకూడదు. 120 లేదా 144 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు బొమ్మ మారే) స్క్రీన్ అయితే బ్యాటరీ మీద 60కి దించండి. బ్యాటరీని ఆదా చేస్తామంటూ వచ్చే ఉచిత ప్రోగ్రాములు ఏమైనా వేసి ఉంటే ఇప్పుడే తీసేయండి.

3. చార్జింగ్‌కు హద్దు పెట్టడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. అందుకే నిదానంగా చెబుతాను.

ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్ నిండా చార్జయినప్పుడు దాని వోల్టేజీ సుమారు 4.2కి, కొన్ని రకాల్లో ఇంకాస్త పైకి చేరుతుంది. ఆ ఎత్తులో లోపలి ద్రావకం ఎలక్ట్రోడ్ల దగ్గర కొంచెం కొంచెంగా విరిగిపోతూ ఉంటుంది, పనికి రావలసిన లిథియం అక్కడి పొరల్లో చిక్కుబడిపోతుంది. మీరు వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా జరుగుతుంది. 80 దగ్గర ఆపితే వోల్టేజీ కాస్త దిగుతుంది, ఆ కాస్త తేడాకే అరుగుదల బాగా నెమ్మదిస్తుంది. పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాలన్న పాత మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం అయాన్ బ్యాటరీలు బజారులోకి వచ్చింది 1991లో. ఇన్నేళ్లయినా ఆ అలవాటు మనల్ని వదల్లేదు.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. లెనోవోలో వాంటేజ్ అనే ప్రోగ్రాం తెరవండి. ఐడియాప్యాడ్‌లలో కన్జర్వేషన్ మోడ్ అనీ, థింక్‌ప్యాడ్‌లలో చార్జ్ థ్రెషోల్డ్ అనీ ఉంటుంది. ఆసుస్‌కు మైఆసుస్. ఏసర్‌కు కేర్ సెంటర్, కొత్తవాటిలో ఏసర్‌సెన్స్. డెల్‌లోనూ, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలోనూ నేరుగా బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే నడిచే, యంత్రంలోనే ఉండే సెట్టింగుల చోటు) వెళ్లి బ్యాటరీ సెట్టింగు మార్చడమే నాకు నచ్చిన పద్ధతి. బయోస్‌లో పెట్టింది విండోస్ మళ్లీ వేసినా చెక్కుచెదరదు. లైనక్స్‌లో గ్నోమ్, కేడీఈ అనే రెండు డెస్క్‌టాప్‌ల కొత్త వెర్షన్ల పవర్ సెట్టింగుల్లోనూ ఈ సదుపాయం ఉంది, యంత్రం ఒప్పుకోవాలి అంతే.

బయోస్‌లో ఒక హద్దు, ప్రోగ్రాంలో ఇంకో హద్దు పెట్టకండి. ఎక్కడో ఒకచోటే పెట్టండి.

అడాప్టివ్ అనీ, స్మార్ట్ అనీ పేరున్న మోడ్ కనిపిస్తే దాన్ని ఎంచుకోకండి. అది మీ దినచర్య చూసి నేర్చుకుని ఎప్పుడు నింపాలో తనే తేలుస్తానంటుంది. రోజూ ఒకే వేళకు ప్లగ్ తీసేవాళ్ల దగ్గర నేర్చుకుంటుందేమో. వేళాపాళా లేనివాళ్ల దగ్గర చాలాసార్లు నూరు దగ్గరే కూర్చుంటుంది. అంకె మీరే ఇవ్వండి, 80 ఇవ్వండి. మ్యాక్‌లో అంకె ఇచ్చే వీలు కనిపించకపోతే మాత్రం ఆప్టిమైజ్డ్ బ్యాటరీ చార్జింగ్‌ను ఆన్‌లో ఉంచండి, లేనిదానికంటే అది నయం. 60 అనే ఎంపిక కూడా కొన్నింట్లో ఉంటుంది. బల్ల మీద నుంచి కదలని ల్యాప్‌టాప్‌కు అది సరే. చేతపట్టుకుని తిరిగేవాళ్లు 60 పెట్టుకుని, దారిలో చార్జ్ అయిపోయిందని విసుక్కుని, వారం తిరక్కుండా హద్దే తీసేస్తారు.

సెట్టింగు మార్చగానే పని అయిపోయిందనుకోవద్దు. హద్దు పెట్టేసరికి బ్యాటరీ నూరులో ఉంటే చాలా యంత్రాల్లో అది నూరులోనే ఉండిపోతుంది, తనంతట తాను దిగిరాదు. కాబట్టి ప్లగ్ తీసి, 65 దాకా వాడి, మళ్లీ పెట్టి, 80 దగ్గర నిజంగా ఆగిందో లేదో కళ్లారా చూడండి. ఆగినప్పుడు ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని కనిపించవచ్చు. అది చూసి చార్జర్ పోయిందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తేవాళ్లు ఉన్నారు. మనకు కావలసింది అదే. థింక్‌ప్యాడ్‌లో 75 దగ్గర మొదలై 80 దగ్గర ఆగేలా పెట్టి ఉంటే, 77లో ప్లగ్ పెట్టినా చార్జ్ ఎక్కదు. అది కూడా సరైన పనే.

ఎవరూ చేయని పరీక్ష ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, రాత్రంతా ప్లగ్‌లో ఉంచి, పొద్దున్నే ఆన్ చేసి చూడండి. కొన్నింట్లో హద్దును కాపలా కాసేది విండోస్‌లోని ప్రోగ్రామే. యంత్రం ఆఫ్ కాగానే కాపలా పోతుంది, పొద్దుటికి నూరు అయి కూర్చుంటుంది. మీది ఆ రకమని తేలితే ఆఫ్ చేసేటప్పుడు ప్లగ్ కూడా తీసేయడం తప్ప మార్గం లేదు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కూడా ఒకసారి తొంగిచూడండి, సెట్టింగు మొదటికి వచ్చి ఉండవచ్చు.

ప్రయాణం ఉంటే? బయలుదేరే ముందు హద్దు తీసి నూరు చేసుకోండి. కొన్ని గంటలు నూరులో ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. చివరి 20 శాతం నెమ్మదిగా ఎక్కుతుంది కనుక రెండు గంటల ముందే మొదలుపెట్టండి. తిరిగి రాగానే హద్దు మళ్లీ పెట్టాలి. దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

హద్దులోనే నెలల తరబడి ఉంటే శాతం లెక్క తప్పుతుంది. 30 చూపిస్తూ ఉన్నట్టుండి ఆరిపోవచ్చు. రెండు మూడు నెలలకోసారి 10 దాకా దించి, మధ్యలో ఆపకుండా నూరు దాకా ఎక్కించి, మళ్లీ హద్దు పెట్టండి. సున్నా దాకా పోనివ్వకండి.

అలారం పెట్టుకుని 20కి ప్లగ్ పెట్టి 80కి తీసేసే వర్గం ఒకటుంది. వాళ్ల ఓపికకు దండం. పక్కనే కరెంటు ఉండగా ఉన్న సైకిళ్లను చేజేతులా కరిగించుకోవడం ఏ లెక్కలో లాభమో నాకు అర్థం కాదు. హద్దు పెట్టి ప్లగ్‌లో వదిలేస్తే యంత్రం సాధారణంగా చార్జర్ కరెంటుతోనే నడుస్తుంది, బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది.

4. మూత, వేడి

మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుందని నమ్మి బ్యాగులో పెట్టేస్తారు. ఇప్పటి యంత్రాల నిద్ర కోడి కునుకు లాంటిది. నెట్‌వర్క్ కోసమో అప్‌డేట్ కోసమో మధ్యలో లేస్తాయి. గాలి ఆడని బ్యాగులో లేస్తే బయటికి తీసేసరికి చెయ్యి కాలుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత వేస్తే ఏం చేయాలన్న చోట ‘ఆన్ బ్యాటరీ’ కింద హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోవడం) ఎంచుకోండి. ఆ పేరు జాబితాలో లేకపోతే అదే పేజీలో పైన, ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చే లింకు నొక్కితే కింద హైబర్నేట్ పక్కన టిక్ పెట్టే చోటు వస్తుంది. తెరుచుకోవడానికి కాసేపు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. పరుపు మీదా, దిండు మీదా పెట్టి వాడకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

5. చాలాకాలం వాడకపోతే

సగం చార్జ్‌లో, పూర్తిగా షట్‌డౌన్ చేసి, చల్లగా ఉండే చోట పెట్టండి. కొన్ని నెలలకోసారి తీసి చూసి, తగ్గి ఉంటే మళ్లీ సగానికి తెండి.

6. ఉబ్బితే

టచ్‌ప్యాడ్ పైకి తేలినా, క్లిక్ గట్టిపడినా, బల్ల మీద పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ ఊగుతున్నా, అంచుల దగ్గర సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. పై సెట్టింగులేవీ ఇక పనిచేయవు. వెంటనే ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి, మళ్లీ చార్జ్ పెట్టకండి. ఉబ్బును నొక్కి సరిచేయబోవడం, గుచ్చి గాలి తీయబోవడం నిప్పుతో చెలగాటం. బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్లకు అప్పగించండి. తీసేసిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వండి.